శివధనుస్సుకి మినిమం స్ట్రెంగ్త్ ఎంత?

పోయిన ఆదివారం మా ఫ్లాట్‌లో పెద్ద గొడవ జరిగింది. అద్దె గురించి కాదు, గిన్నెలు ఎవరు తోమాలన్న దాని గురించీ కాదు. స్ట్రెంగ్త్ ఎనిమిదే ఉన్న ఒక ఎల్ఫ్ పిల్ల నిలువెత్తు విల్లు లాగగలదా లేదా అని. సాయంత్రం నాలుగింటికి మొదలైంది, మిర్చిబజ్జీలు చల్లారిపోయినా తేలలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఇకమీదట డి అండ్ డి) అనేది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు (మా బ్యాచ్‌లో ఆ పాపం నాది), మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ప్రతి పాత్రకీ ఆరు లక్షణాలు, ఒక్కోదానికి ఒక అంకె. పది అంటే మామూలు మనిషి. ఈ టపాకి కావల్సినవి రెండే: స్ట్రెంగ్త్ అంటే ఒంట్లో బలం, డెక్స్టెరిటీ అంటే ఒడుపు. ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి ఈ అంకెల వల్ల వచ్చే బోనస్ కలిపితే దెబ్బ తగిలిందో లేదో తేలుతుంది. తగిలితే ఎంత నష్టమో ఇంకో పాచిక చెప్తుంది.

మా ఎల్ఫ్‌ని ఆడేది మా టీములోనే పనిచేసే ఒకమ్మాయి. అభ్యంతరం చెప్పినవాడు మా టెస్టింగ్ మిత్రుడు. బగ్గులు పట్టడం వాడికి ఉద్యోగం కాదు, స్వభావం. "ఎనిమిదంటే సగటు కన్నా తక్కువ కదరా, లాంగ్‌బో ఎలా లాగుతుంది?" అన్నాడు. పుస్తకంలో విల్లుకి డెక్స్టెరిటీ ఒక్కటే చాలని రాసుందని నేను చూపించాను. "స్పెక్‌లో ఉంటే బగ్ కాకుండా పోతుందా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాడెవడూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేడు కదా! ఆ రాత్రి రెండింటి దాకా పాత రూల్ పుస్తకాలు, చరిత్ర తిరగేస్తూ కూర్చున్నాను.

అసలు మనకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. శివధనుస్సు కథంతా మినిమం స్ట్రెంగ్త్ కథే కదా. వాల్మీకి ప్రకారం ఆ విల్లు ఎనిమిది చక్రాల ఇనప పెట్టెలో ఉంటుంది, దాన్ని లాక్కురావడానికి అయిదువేల మంది కావాలి. వచ్చిన రాజులు ఎక్కుపెట్టడం సంగతి అటుంచి, కనీసం ఎత్తలేకపోయారు. రాముడు ఎక్కుపెట్టి లాగితే మధ్యకి విరిగింది. అంటే కింద ఒక హద్దు, పైన ఒక హద్దు, రెండూ ఒకే కథలో ఉన్నాయి. బలం చాలకపోతే విల్లు కదలదు, బలం మించితే విల్లే పోతుంది. ఈ రెండో హద్దుని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గ్రీకుల దగ్గరా ఇదే. ఒడిస్సియస్ విల్లుని పెళ్ళికొడుకులెవరూ ఎక్కుపెట్టలేకపోయారు. కొడుకు మూడుసార్లు ఓడి, నాలుగోసారి సాధించేవాడే, తండ్రి కళ్ళతో వద్దన్నాడు. హెరోడోటస్ చెప్పిన కథ ఇంకా భయంకరం. పర్షియా చక్రవర్తి కాంబైసీస్ ఇథియోపియా మీద కన్నేస్తే, అక్కడి రాజు ఒక విల్లు పంపించి, మీవాళ్ళు దీన్ని సునాయాసంగా లాగగలిగిన రోజున మా మీదకి రండి అని కబురు చేశాడట. పర్షియన్లలో ఒక్కడే, చక్రవర్తి తమ్ముడు స్మెర్దిస్, దాన్ని రెండు వేళ్ళ వెడల్పు మేర లాగాడు. అన్నగారు ఓర్వలేక వాణ్ణి ఇంటికి పంపించేసి, ఆ తర్వాత మనిషిని పెట్టి చంపించాడు. నిజమెంతో గానీ, విల్లు లాగడం బలానికి కొలత అని ఆ కాలపు జనానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదని మాత్రం తెలుస్తోంది.

మరి ఆటలోకి డెక్స్టెరిటీ ఎలా దూరింది?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి డి అండ్ డిలో స్ట్రెంగ్త్ వల్ల దెబ్బ బలంగా తగలడం అనేదే లేదు. ఏ ఆయుధమైనా ఒకే ఆరు ముఖాల పాచిక. డెక్స్టెరిటీ బాగా ఉంటే మాత్రం దూరం నుంచి కొట్టే ఆయుధాలకి +1. అంటే విల్లుకీ ఒడుపుకీ ముడిపడింది మొదటి వెర్షన్‌లోనే. మరుసటేడు వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధంలో స్ట్రెంగ్త్ బోనస్‌లు వచ్చాయి. యోధులకి పద్దెనిమిది దాటాక మళ్ళీ 18/01 నుంచి 18/00 దాకా ఒక ఉప-అంకె కూడా (ఇక్కడ 00 అంటే నూరు. ఈ నోటేషన్ పెట్టినవాడు ఎవడో గానీ కోడ్ రివ్యూ అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు).

1978లో అడ్వాన్స్‌డ్ డి అండ్ డి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చింది. ఇందులో ఒక ముచ్చట ఉంది. మానవ స్త్రీ పాత్రకి స్ట్రెంగ్త్ 18/50 మించకూడదని హద్దు. వాస్తవికత కోసమట. అదే పుస్తకంలో ఒక రౌండ్ అంటే ఒక నిమిషం, ఆ నిమిషంలో విలుకాడు వేసేది రెండు బాణాలు. విల్లు ఎంత గట్టిదో, లాగేవాడి బలమెంతో ఎవరికీ పట్టలేదు. ఆడవాళ్ళ భుజబలం దగ్గర మేలుకున్న వాస్తవికత విల్లు దగ్గర నిద్రపోయింది! 1989లో రెండో ఎడిషన్ ఆ స్త్రీల హద్దుని తీసేసింది. అందులోనే, పాత్ర బలానికి తగ్గట్టు ప్రత్యేకంగా చేయించిన విల్లయితే స్ట్రెంగ్త్ బోనస్ కలుపుకోవచ్చు అనే మాట కూడా ఉంది. ఆ మాటలో మంచి విత్తనం ఉంది, కానీ విల్లుకి ఇంకా అంకె లేదు. 1998లో బాల్డర్స్ గేట్ కంప్యూటర్ గేమ్ తయారుచేసినవాళ్ళకి అంకె లేకపోతే కుదరదు కాబట్టి, కాంపోజిట్ లాంగ్‌బో పట్టాలంటే స్ట్రెంగ్త్ 18 ఉండాల్సిందే అని గేటు పెట్టేశారు. పదిహేడున్నవాడు దాన్ని బ్యాగులో మోసుకు తిరగడమే.

ఇక్కడ ఆట ఆపి, కాసేపు సముద్రం అడుక్కి వెళ్దాం.

1545 జులైలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఒడ్డు నుంచి చూస్తుండగానే, పోర్ట్స్‌మత్ దగ్గర ఆయన యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. 1982 అక్టోబర్ 11న దాన్ని పైకి తీశారు. బురదలో భద్రంగా 172 విళ్ళు దొరికాయి, అందులో 137 చెక్కుచెదరనివి. బాణాలు 3,500 పైన. దానికి ముందు, అగిన్‌కోర్ట్ (1415) లాంటి యుద్ధాల్లో పేరు మోగిన ఇంగ్లిష్ లాంగ్‌బో ఎంత బలమైనదో ఎవరికీ గట్టిగా తెలీదు. విక్టోరియా కాలం నుంచి సరదాకి గురి కొట్టేవాళ్ళు వాడిన విళ్ళు యాభై పౌండ్ల చుట్టుపక్కలవి. అంటే పూర్తిగా లాగి పట్టుకోవాలంటే 22, 23 కిలోల బరువు మోసినంత. నూరు పైన ఉంటాయంటే చాలామంది నమ్మలేదు.

మేరీ రోజ్ విళ్ళకి నకళ్ళు చేసి, లెక్కలు కట్టి చూస్తే 100 నుంచి 180 పౌండ్ల దాకా వచ్చింది. కిలోల్లో 45 నుంచి 80 పైచిలుకు. అన్నట్టు, ఈ పరిశోధనలో ముఖ్యుడైన రాబర్ట్ హార్డీ ఒక నటుడు. హ్యారీ పోటర్ సినిమాల్లో మంత్రిగారు కార్నీలియస్ ఫడ్జ్ ఆయనే. లాంగ్‌బో మీద 1976లోనే పుస్తకం రాశాడు.

ఒక్కసారి ఊహించుకోండి. మీ వెయింగ్ మెషీన్ మీద ఎంత చూపిస్తుందో దాదాపు అంత బరువుని మూడు వేళ్ళతో చెవి దాకా లాగాలి. ఒక్కసారి కాదు, డజన్ల సార్లు. మా టీం ఔటింగ్‌లో ఒక రిసార్ట్‌లో పిల్లలు వాడే ఇరవై పౌండ్ల విల్లుతో ఓ పాతిక బాణాలు వేశాను. మర్నాడు మౌస్ పట్టుకుంటే భుజం మూలిగింది. ఆ అనుభవం లేకపోతే ఈ అంకెలు నాకూ అంకెల్లాగే ఉండేవి.

ఓడతో పాటు మనుషులూ దొరికారు, ఎముకల రూపంలో. వాటిని పరిశీలించిన యాన్ స్టర్లాండ్ ఒక వింత గమనించింది. మన భుజం పైన, రెక్క ఎముక చివర ఒక ముక్క ఉంటుంది. యవ్వనం ముగిసేలోపు అది ప్రధాన ఎముకతో అతుక్కుపోవాలి. ఈ నావికుల్లో చాలామందికి అతుక్కోలేదు, మామూలు జనాభాలో కన్నా బాగా ఎక్కువ మందికి. చిన్నప్పటి నుంచి బరువైన విళ్ళు లాగడం వల్లే అతుక్కోవడానికి వ్యవధి దొరకలేదని ఆవిడ వాదన.

ఆ చిన్నప్పటి నుంచి అన్నది కవిత్వం కాదు, చట్టం. 1363లో మూడో ఎడ్వర్డ్ సెలవురోజుల్లో జనం విలువిద్య సాధన చెయ్యాలని ఆజ్ఞ వేశాడు. ఎనిమిదో హెన్రీ కాలం నాటి చట్టం ప్రకారం ఇంట్లో ఏడేళ్ళు నిండిన మగపిల్లాడుంటే వాడికి ఒక విల్లు, రెండు బాణాలు సమకూర్చాలి. 1549లో హ్యూ లాటిమర్ అనే మతగురువు బాలరాజు ఆరో ఎడ్వర్డ్ ముందు ఉపన్యాసం ఇస్తూ తన చిన్నతనం చెప్పుకున్నాడు. వాళ్ళ నాన్న ఆయనకి వయసుకీ బలానికీ తగ్గ విల్లు కొనేవాడట. బలం పెరిగేకొద్దీ పెద్ద విల్లు, ఇంకా పెద్ద విల్లు. చేతులతో గుంజడం కాదు, ఒళ్ళంతా విల్లులోకి వాలాలని నేర్పేవాడట.

నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఈ తండ్రిగారే. ఆయనకి అర్థమైన సంగతి ఆట తయారుచేసినవాళ్ళకి 26 ఏళ్ళు పట్టింది. అంకె విల్లుకి ఉండాలి. మనిషికి ఉన్న అంకెని విల్లు అంకెతో పోల్చాలి. మనిషి అంకె పెరిగితే విల్లు మార్చాలి. చైనాలో అయితే ఈ అంకెని ఏకంగా ప్రభుత్వ పరీక్షలోనే పెట్టారు. చింగ్ వంశం నాటి సైనిక పరీక్షల్లో 8, 10, 12 లి అంటూ గ్రేడు వేసిన విళ్ళు లాగి చూపించాలి. ఒక లి సుమారు ఆరు కిలోలు. 1901లో ఆ పరీక్షలు రద్దయ్యేదాకా, అంటే తుపాకులొచ్చి శతాబ్దాలు గడిచాక కూడా, ఇది నడిచింది. కట్ ఆఫ్ మార్కులు మన ఎంసెట్‌కే పరిమితం కాదన్నమాట :-)

ఇహ ఆటకొద్దాం. 2000లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ మూడో ఎడిషన్ తెచ్చింది. అందులో "మైటీ" విళ్ళు వచ్చాయి. 2003లో 3.5 ఆ రూల్‌ని ఇంకా శుభ్రం చేసింది. ప్రతి కాంపోజిట్ విల్లుకీ ఒక స్ట్రెంగ్త్ రేటింగ్. రేటింగ్ +2 అయితే, నీ బోనస్ +4 ఉన్నా నష్టానికి కలిసేది +2 మాత్రమే. నీ బోనస్ రేటింగ్ కన్నా తక్కువైతే గురికి -2 కోత. ధర కూడా రేటింగ్‌ని బట్టే, ఒక్కో మెట్టుకీ లాంగ్‌బో అయితే నూరు బంగారు నాణేలు అదనం.

మనవాళ్ళకి చెప్పాలంటే ఇది ఒక మిన్ ఫంక్షన్, ఒక ఇఫ్ కండిషన్. ఫిజిక్స్ కూడా దీన్నే ఒప్పుకుంటుంది. విల్లు ఒక స్ప్రింగు. దాన్ని పూర్తిగా లాగితే అందులో నిలవుండే శక్తి విల్లుని బట్టి ఉంటుంది, లాగినవాడి కండల్ని బట్టి కాదు. భీముడు వచ్చి యాభై పౌండ్ల విల్లు లాగినా బాణం అంతే వేగంతో వెళ్తుంది. కత్తి అలా కాదు, బలం కొద్దీ దెబ్బ. విల్లుని హద్దు దాటి గుంజితే రాముడి చేతిలో జరిగిందే జరుగుతుంది. 3.5 రూల్ రాసినవాళ్ళు ఎవరో గానీ, నా ఓటు వాళ్ళకే.

కానీ ఒక్క తప్పు చేశారు, అదీ చిన్న తప్పు కాదు. ఈ రేటింగ్ కాంపోజిట్ విళ్ళకే ఇచ్చారు. కాంపోజిట్ అంటే కర్రకి లోపల కొమ్ము, బయట జంతువుల నరాలు అతికించి చేసేది, గుర్రాల మీద తిరిగే మధ్య ఆసియా వీరుల విల్లు. ఒకే కర్రతో చేసిన మామూలు లాంగ్‌బోకి బలం తక్కువైతే కోత ఉంది, ఎక్కువైతే బోనస్ మాత్రం లేదు. మేరీ రోజ్ విళ్ళు మరి? అవన్నీ యూ అనే చెట్టు కర్రని ఒకే బద్దగా చెక్కినవి. (ఆ కర్రలోనే తమాషా ఉంది. బయటి తెల్ల చేవ సాగుడుకి, లోపలి ఎర్ర చేవ నొక్కుడుకి తట్టుకుంటాయి. చెట్టే కాంపోజిట్ చేసి ఇచ్చిందనుకోండి.) 180 పౌండ్ల అసలు విళ్ళు మ్యూజియంకి చేరిన ఇరవయ్యేళ్ళ తర్వాత రాసిన రూల్ ప్రకారం వాటికి స్ట్రెంగ్త్ బోనస్ సున్నా. కాంపోజిట్ అన్న పేరు వింటేనే ఖరీదైనదనిపిస్తుంది కాబట్టి అలా చేశారని నా అనుమానం.

అయినా ఆ రూల్ చచ్చిపోయింది ఈ తప్పు వల్ల కాదు, మెయింటెనెన్స్ వల్ల. పాత్ర లెవెల్ పెరిగి స్ట్రెంగ్త్ పెరిగితే పాత విల్లు పనికిరాదు. దాని మీద బోలెడు బంగారం పోసి మంత్రాలు వేయించి ఉంటావు, అవన్నీ పాత విల్లుకే. బలం పెంచే బెల్టు పెట్టుకున్నావా, విల్లు వెనకబడింది. ఎవరో శపించి బలం పీల్చేశారా, ఇప్పుడు అదే విల్లు నీ చేతిలో -2. డిపెండెన్సీ వెర్షన్లు కలవక బిల్డ్ విరగడం మనకి తెలీనిదా? పైగా కత్తివాడికి ఒక్క స్ట్రెంగ్త్ చాలు, విలుకాడికి రెండూ కావాలి. 2009లో ఇదే కుదురు నుంచి వచ్చిన పాత్‌ఫైండర్ ఆట "అడాప్టివ్" అనే మంత్రం అమ్మింది. వెయ్యి నాణేలిస్తే విల్లే నీ బలానికి సర్దుకుంటుంది. బగ్‌ని వాళ్ళే పెట్టి, ప్యాచ్‌ని డబ్బుకి అమ్మినట్టు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ బోనస్‌లో సగమే కలుపుకోమని రాజీ చేసింది.

డి అండ్ డి అయితే రాజీ కూడా పడలేదు. 2008లో నాలుగో ఎడిషన్, 2014లో అయిదోది, విల్లు గురికీ నష్టానికీ రెండిటికీ డెక్స్టెరిటీనే ఇచ్చేశాయి. ఆడటానికి హాయి, అది ఒప్పుకోవాలి. ఆదివారం మూడు గంటలు దొరికితే అందులో అరగంట విల్లు లెక్కలకి పోవడం ఎవరికి ఇష్టం? కానీ ఫలితం చూడండి. దాక్కోవడం, తప్పించుకోవడం, ముందుగా కదలడం, ఇప్పుడు బాణం దెబ్బ కూడా, అన్నీ ఒకే అంకె. స్ట్రెంగ్త్ అనేది గొడ్డలి పట్టినవాడి సొంత వ్యవహారం అయిపోయింది. 2024లో సవరించిన పుస్తకం లాంగ్‌బో లాంటి "హెవీ" విళ్ళకి మళ్ళీ ఒక కనీస హద్దు పెట్టింది. పదమూడు ఉండాలి, లేకపోతే గురి చెడుతుంది. ఏం పదమూడు? డెక్స్టెరిటీ! బరువైన విల్లు లాగడానికి కావల్సింది ఒడుపట. లాటిమర్ గారి నాన్న వింటే ఏమనేవాడో.

ఇంకో విచిత్రం 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో. అందులో టైటన్‌స్ట్రింగ్ అని ఒక విల్లు ఉంది, దానికి మీ స్ట్రెంగ్త్ బోనస్ కూడా నష్టానికి కలుస్తుంది. అదొక అరుదైన మాయా వస్తువు. పదహారో శతాబ్దంలో ప్రతి పల్లెటూరి రైతు చేతిలోనూ ఉన్న మామూలు లక్షణం, ఇరవై ఏళ్ళ కిందట రూల్‌బుక్‌లో రేటు కట్టి అమ్మిన లక్షణం, ఇప్పుడు మంత్రం కింద లెక్క.

ఇదంతా మంగళవారం లంచ్‌లో మావాళ్ళకి చెప్పాను. టెస్టింగ్ మిత్రుడు విజయగర్వంతో పెరుగన్నం కలుపుతున్నాడు. అంతసేపూ విన్న మా ఎల్ఫ్ అప్పుడు అడిగింది, "ఆదివారం గంటసేపు నా విల్లు గురించి మీరిద్దరే మాట్లాడుకున్నారు. నేనెప్పుడైనా లాగానా అని ఒక్కరూ అడగలేదేం?"

విజయవాడలో స్కూలు రోజుల్లో నాలుగేళ్ళు ఆర్చరీ నేర్చుకుందట. జ్యోతి సురేఖ ఊరు కదా. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన ఆవిడ సంగతి నాకు తెలుసు గానీ, పక్క సీటులో కూర్చున్న మనిషి సంగతి తెలీలేదు. 1978 పుస్తకం మీద అన్ని జోకులు వేసిన నాకు ఆ క్షణంలో తల ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు.

పోటీల రికర్వ్ విల్లుకి పైనా కిందా ఉండే రెండు బద్దలూ విడిగా ఊడొస్తాయట, వాటి మీద పౌండ్లు రాసి ఉంటాయట. మొదట్లో పద్దెనిమిదివి ఇచ్చారు, రెండు నెలలు ఖాళీ తాడు లాగించారు, తర్వాత ఇరవైవి, ఇరవైరెండువి. పెద్ద అంకె కావాలని పేచీ పెడితే కోచ్‌గారు, ముందు దీన్ని వణక్కుండా పట్టుకో అనేవారట. ఒలింపిక్స్‌లో ర్యాంకింగ్ రౌండుకి 72 బాణాలు. విల్లు 45 పౌండ్లదైనా ఆ ఒక్క పూటకి లాగే బరువు దాదాపు టన్నున్నర అని నాప్కిన్ మీద లెక్క వేసి చూపించింది. "ఒడుపు లేక కాదు నేను మానేసింది, టెన్త్‌లో ట్యూషన్లకి టైం లేక" అంది.

మా ఆటకి ఆవిడే రూల్ రాసిచ్చింది. ఏ కర్రతో చేసినా సరే, ప్రతి విల్లుకీ ఒక అంకె. కలిసేది ఆ అంకె, నీ బోనస్, రెండిట్లో తక్కువది. అంకె చాలకపోతే -2. ఊళ్ళో ఒక వారం ఆగి సాధన చేస్తే విల్లు తయారుచేసేవాడి దగ్గర బద్దలు మార్చుకోవచ్చు, పాత మంత్రాలు కొత్త బద్దలకీ వస్తాయి. ఆ చివరి ముక్కతో 3.5 మెయింటెనెన్స్ సమస్య పోయింది, నాకు ఆరు ఎడిషన్లు చదివినా తట్టలేదు. స్ట్రెంగ్త్ ఎనిమిది కాబట్టి తన ఎల్ఫ్‌కి మైనస్ ఒకటి అంకె ఉన్న చిన్న విల్లే రాసుకుంది, పెన్సిల్‌తో.

ఇప్పుడు టెస్టింగ్ మిత్రుడి మరుగుజ్జు వీరుడు విసిరే గొడ్డలి సంగతేమిటని వాడు కొత్త టికెట్ రైజ్ చేశాడు. అది వచ్చే ఆదివారం చూస్తాం.